తుపాను నెలలకు ముందు డాబా పని: ఓనరు చేయించాలా, అద్దెకున్నవాళ్లా?

కంచరపాలెం కిరాణా: సెప్టెంబరు సగం దాటింది. విశాఖలో అక్టోబరు, నవంబరు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. మా షాపు పైన డాబా, దాని తాళం ఓనరు దగ్గర. వాన గొట్టం మూతికి వేపాకు అడ్డుపడి పిట్టగోడ పొడవునా నీళ్లు నిలుస్తున్నాయి. లోపల గోడ పెచ్చులు ఊడుతోంది, కందిపప్పు బస్తా అడుగున బూజు పట్టేసింది. ఫోన్ చేస్తే ‘వాడుకునేది మీరు, మీరే చూసుకోండి’ అన్నారు. ఇది ఎవరు చేయించాలి?

మద్దిలపాలెం ఓనరు: నావి రెండు పోర్షన్లు, రోడ్డు మీద ఒక షాపు. ఆకులు తీయడానికి కూడా ఓనరే రావాలా అండీ? ఇల్లు ఊడ్చుకుంటారు, డాబా ఊడ్చుకోలేరా?

కంచరపాలెం కిరాణా: మీ ఓనర్లు తాళం దగ్గర పెట్టుకుని ఊడ్చమంటే ఎలా ఊడుస్తాం?

మద్దిలపాలెం ఓనరు: మా డాబాకు నేనూ తాళం ఊరికే వెయ్యలేదు. ఇదివరకు అద్దెకున్నాయన డిష్ బిగించడానికి స్లాబులోకి బోల్టులు దింపాడు. కారడం అక్కడే మొదలైంది. హుద్‌హుద్ తుపానులో మా ట్యాంకు ఎగిరి పక్కింటివాళ్ల కారు మీద పడితే డబ్బు కట్టింది నేను. అద్దెకున్నవాళ్లు ఆ నెల అద్దె ఇవ్వకుండానే వెళ్లిపోయారు.

సీతమ్మధార పోర్షన్: మా ఓనరుగారు మేం అడక్కముందే ట్యాంకును తాళ్లతో కట్టించారు. అందరూ ఒకలా ఉండరు.

ఎంవీపీ సివిల్: తాళం సంగతి మీరు తేల్చుకోండి, పని మాత్రం ఆగకూడదు. ఇప్పుడు కోటింగ్ వేయిస్తామని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. తడి స్లాబు మీద వేస్తే పొక్కులు లేచి ఊడిపోతుంది, అది ఎండాకాలం పని. ఇప్పుడు చేయాల్సింది గొట్టం మూతి తెరిచి జాలీ పెట్టడం, పిట్టగోడ స్లాబును కలిసే మూల ఆరిన రోజు చూసి పగుళ్లు పూడ్చడం, రేకుల హుక్కులు ఒక్కొక్కటీ కదిపి చూడటం. ట్యాంకు ఖాళీగా ఉంచకండి, నిండుగా ఉంటే గాలికి కదలదు. షాపుల వాళ్లు ఫ్లెక్సీ ఫ్రేము ముందే దింపేయాలి. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12న ఊళ్లో ఎన్ని బోర్డులు ఎగిరాయో చూశాం. సరుకు నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి.

మద్దిలపాలెం ఓనరు: సరే, ఈ ఖర్చు ఎవరిది?

అక్కయ్యపాలెం వకీలు: ముందు మీ అగ్రిమెంటులో ఏం రాసుకున్నారో చూసుకోండి, అదే ముఖ్యం. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో కట్టడానికి సంబంధించిన మరమ్మతు ఓనరుది, డ్రెయిన్ శుభ్రం అద్దెదారుది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తెచ్చుకుంటేనే అమలు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, చేయించాల్సిన మరమ్మతును నోటీసిచ్చినా ఓనరు తగిన గడువులో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఖర్చు వడ్డీతో అద్దెలో కోసుకోవచ్చు.

మద్దిలపాలెం ఓనరు: చూశారా, డ్రెయిన్ శుభ్రం అద్దెదారుదే.

కంచరపాలెం కిరాణా: స్లాబు ఓనరుది. అది కూడా చదవండి. నోటీసిచ్చి నేనే చేయించి అద్దెలో పట్టుకుంటా.

మద్దిలపాలెం ఓనరు: అదిగో, నా భయమంతా అదే! ఇవాళ స్లాబుకు డబ్బు పెడతారు, రేపు ‘ఇంత ఖర్చు పెట్టాను, ఖాళీ చెయ్యను’ అంటారు. మా బాబాయి షాపు ఇలాగే ఏళ్ల తరబడి కోర్టులో నలిగింది. ఆయన పోయాకే చేతికొచ్చింది. మీరు మేడ ఎక్కితే నాకు బాధ లేదు, దిగరేమోనని భయం.

కంచరపాలెం కిరాణా: నాకూ భయం ఉంది. మా పక్క టైలరు కారుతోందని గట్టిగా అడిగాడు. మరమ్మతు చేయించి, వెంటనే కొత్త అద్దె చెప్పారు. కట్టలేక మిషన్లు బండికెక్కించుకుని పోయాడు. అందుకే రెండేళ్లుగా నోరెత్తకుండా బకెట్లు పెట్టుకుంటున్నా. గిరాకీ అంతా ఆ వీధిలోనే ఉంది, నేనెక్కడికి పోవాలి?

గాజువాక స్టీల్: ఇద్దరూ తాళం గురించి పోట్లాడుకున్నారు, అసలు సంగతి ఇది.

మద్దిలపాలెం ఓనరు: పెట్టిన ఖర్చు మరమ్మతుకే, షాపు మీద ఏ హక్కూ రాదని కాగితం రాసిస్తే నేనైతే తాళం ఇస్తాను, సగం డబ్బూ ఇస్తాను.

కంచరపాలెం కిరాణా: మా ఓనరు అడిగితే రాసిస్తా. మరమ్మతు చేయించిన ఏడాది అద్దె పెంచనని మీలాంటివాళ్లు రాసిస్తారా?

మద్దిలపాలెం ఓనరు: అది రాయలేను. ఇంటి పన్ను నా చేతిలో లేదు కదా.

ఎంవీపీ సివిల్: కిరాణా గారూ, కాగితాలు తేలేలోపు బస్తాలు ఆ గోడ నుంచి జరిపేయండి. గొట్టం మూతి ఫొటో తేదీ కనబడేలా తీసి ఓనరుకు పంపి ఉంచండి.