కరువు మాట వస్తే స్కిబరీన్ పేరే ముందు ఎందుకు వినిపిస్తుంది?

ప్రశ్న: కాలిబాట

ఉద్యోగరీత్యా కార్క్ నగరంలో ఉంటున్న నేను పోయిన నెల ఐర్లండ్ నైరుతి మూలన, ఇలెన్ నది ఒడ్డున ఉన్న స్కిబరీన్ అనే చిన్న పట్టణం చూసి వచ్చాను. జనాభా మూడు వేల లోపే. అక్కడి అబ్బీస్ట్రూరీ శ్మశానంలో ఒకచోట సమాధిరాళ్ళు ఆగిపోయి ఉత్త పచ్చిక కనిపిస్తుంది. 1845లో మొదలైన మహాకరువులో పోయిన ఎనిమిది నుండి పది వేల మందిని పేర్లైనా లేకుండా అక్కడే పూడ్చారట. పేదలకు ముఖ్యాహారమైన బంగాళాదుంపకు తెగులు దేశమంతటా వచ్చినదే కదా, మరి ఈ ఊరి పేరే ముందు ఎందుకు వినిపిస్తుంది?

పాతపుటలు

చావులు ఇక్కడ నిజంగానే ఎక్కువ. అయితే వాటిని చూసి రాసినవారు, గీసినవారు ఉండడమే అసలు కారణమని నా అభిప్రాయం. 1846 డిసెంబరులో ఈ ప్రాంతపు గుడిసెల్లోకి తొంగిచూసిన కార్క్ మేజిస్ట్రేటు నికొలస్ కమిన్స్, బ్రిటిష్ సేనాధిపతి డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్‌కు రాసిన లేఖను లండన్ టైమ్స్ అచ్చువేసింది. రెండు నెలలు తిరగకుండానే ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రిక జేమ్స్ మహోనీ అనే చిత్రకారుణ్ణి పంపింది. దారిలో క్లోనకిల్టీ దగ్గర, చచ్చిపోయిన పసిబిడ్డను చేతుల్లో పెట్టుకుని శవపేటిక కొనడానికి బిచ్చమెత్తుతున్న తల్లిని ఆయన గీసిన బొమ్మ నేటికీ ఈ కరువుకు గుర్తుగా నిలిచింది. స్కిబరీన్‌లో పేటికలు చాలక, అడుగు పలక తెరుచుకునే పెట్టె ఒకటి చేసి, శవాన్ని గోతిలోకి జారవిడిచి, ఖాళీ పెట్టెను తర్వాతి ఇంటికి మోసుకుపోయేవారు.

గోదారిగట్టు

పాతపుటలు గారి మాటకు ఒక చేర్పు. తెగులు దుంపకు సోకింది గాని ఊళ్ళో తిండి లేకుండా పోలేదు. స్కిబరీన్ సంతలో మాంసం, రొట్టె, చేపలు సమృద్ధిగా ఉన్నాయని ఆనాటి అధికారి ఒకరు నివేదించారు. లేనిది కొనేవాడి చేతిలో డబ్బు. 1846 చివర ఇక్కడి ఇద్దరు ప్రొటెస్టెంటు మతగురువులు లండన్ వెళ్ళి, ఖజానా వ్యవహారాలు చూసే చార్లెస్ ట్రెవెలియన్‌ను కలిసి మొరపెట్టుకున్నారు. సర్కారు అతిగా కలుగజేసుకుంటే వ్యాపారం చెడుతుందని, జనం సోమరులవుతారని నమ్మిన మనిషి ఆయన. ఈ పేరు మనకు కొత్తది కాదు: కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చినది ఈ ట్రెవెలియనే. ఆదాయపు పన్ను ప్రతిపాదనను బాహాటంగా వ్యతిరేకించినందుకు మరుసటి ఏడాదే ఆయనను వెనక్కి పిలిపించారు.

కాలిబాట

మద్రాసు సంగతి నాకు తెలియదు, ధన్యవాదాలు. ఇంత జరిగాక ఆ ఊరు ఎలా నిలిచిందండీ?

ఏటిరేవు

నిలవడమే కాదు, మొండికేసింది కూడా. తర్వాత బ్రిటిష్ పాలనపై పోరాడిన జెరెమయా ఓడోనవన్ రోసా అనే అతని తండ్రి కరువు పనుల్లో రోడ్డు వేస్తూ జ్వరం తగిలి 1847లో చనిపోయాడు. ఇల్లు పోయిన ఆ కుర్రాడు స్కిబరీన్ చేరి, అంగడి పెట్టుకుని, 1856లో అక్కడే ఫీనిక్స్ సంఘాన్ని స్థాపించాడు. బ్రిటిష్ పాలనపై తిరగబడిన ఫీనియన్ ఉద్యమానికి దారి వేసినవాటిలో అదొకటి. హాస్యానికీ ఆ ఊళ్ళో లోటు లేదు. స్కిబరీన్ ఈగిల్ అనే స్థానిక పత్రిక, రష్యా జారు చక్రవర్తిపై తాము ఒక కన్నేసి ఉంచామని 1898లో గంభీరంగా ప్రకటించింది. ఆ చిన్న పత్రిక గొప్పను తలుచుకుని ఐర్లండ్ వాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు. ఇక నేటి పేరంతా తెడ్డు పడవలదే. 1970లో పెట్టిన రోయింగ్ క్లబ్బు నుండి గ్యారీ, పాల్ ఓడోనవన్ అనే అన్నదమ్ములు 2016 రియో ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చారు. తర్వాత పాల్, అదే క్లబ్బుకు చెందిన ఫింటన్ మెకార్తీతో కలిసి టోక్యోలోనూ పారిస్‌లోనూ బంగారు పతకాలు గెలిచాడు. మీరు మళ్ళీ వెళ్ళినప్పుడు శ్మశానం దగ్గరే ఆగిపోకుండా ఇలెన్ గట్టు వెంట కొంచెం నడవండి, సాధన చేసే పడవలు కనిపించవచ్చు.