పొట్టి శ్రీరాములు జీవిత చరిత్ర: అది సమీక్షా, నివాళా?

నెల్లూరు పాఠకుడు:
పొట్టి శ్రీరాములు గారి మీద కొత్తగా వచ్చిన జీవిత చరిత్రకి ఆదివారం అనుబంధంలో సమీక్ష చదివారా? ఆయన త్యాగం గురించే కాలమ్ అంతా. పుస్తకం ఎట్టా ఉందో ఒక్క ముక్క లేదు. కొని చదివాను. 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో మొదలైన దీక్ష, డిసెంబరు 15న ప్రాణం పోవడం, సగం పైన ఇదే. 1946లో మన మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని పట్టిన దీక్షకి ఒక్క పేరా! ఎవరు అడ్డం పడ్డారు, ఎట్టా దారికొచ్చారు? సమీక్షలో ఇది అడగాలా, వద్దా?

కావలి మాస్టారు:
అడగొచ్చు. కానీ తెలుగులో ఇట్టాంటివి రాసేవాళ్లు చాలామంది చేతి డబ్బుతో అచ్చేయించుకుంటారు. అమ్ముడుపోని కట్టలు మంచం కింద ఉంటాయి. వచ్చే ఒక్క సమీక్షలోనూ ఉతికి ఆరేస్తే ఇంకోటి రాస్తాడా?

ఒంగోలు నుంచి:
చేతి డబ్బు పెట్టాడని మార్కులేస్తామా సార్? ప్రకాశం పంతులు గారు ‘నా జీవిత యాత్ర’లో కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టడం, రౌడీ మూకతో తిరగడం తనే రాసుకున్నారు. ఆయన గురించి రాసేవాళ్లు మాత్రం 1928లో సైమన్ కమిషన్ నాడు తుపాకీకి గుండె చూపించిన కాడే ఆగిపోతారు. ఆయనకి లేని మొహమాటం వీళ్లకెందుకో.

కందుకూరు కుర్రోడు:
ఏందన్నా, ప్రాణం ఇచ్చినాయన మీద కూడా తప్పులెంచుతారా?

నెల్లూరు పాఠకుడు:
ఆయన్ని కాదు తమ్ముడూ, పుస్తకాన్ని. దళితుల కోసం నినాదాల అట్టలు తగిలించుకుని, చెప్పులు, గొడుగు లేకుండా ఎండలో నెల్లూరు వీధుల్లో తిరుగుతుంటే పిచ్చోడన్నారు. అన్నది మనూరోళ్లే. అది రాస్తే ఆయన చిన్నబోడు, మనం చిన్నబోతాం. అందుకే రచయిత దాటేశాడు, సమీక్షకుడూ ఊరుకున్నాడు. నాకు అక్కడే మంట.

కావలి మాస్టారు:
మనూరోళ్ల మాట ఒప్పుకుంటా. గుడి దీక్ష సంగతి మాత్రం, కాగితాలు దొరక్కపోయి ఉండొచ్చు కదయ్యా.

ఒంగోలు నుంచి:
అయితే దొరకలేదని ఒక వాక్యం రాయాలి. వెనక ఆధారాల జాబితా లేదు, పేర్ల సూచిక లేదు. సమీక్షలో చెప్పడానికి రెండు లైన్ల పని.

కావలి మాస్టారు:
ఆ రెండు లైన్లూ రాయమనండి. మెచ్చుకున్న మాట మాత్రం కొట్టేయకండి, ఆ కట్టలు మంచం కిందనుంచి కదలాలి.