ఒక్క సిలిండర్‌లోనే కంప్రెషన్ తక్కువ: ఆయిల్ పోసి చూసింది చాలా, హెడ్ దించేయొచ్చా?

వ్యాన్‌వాలా:
పాత వ్యాన్. 2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, 4 సిలిండర్లు, కార్బ్యురేటర్. ఐడిలింగ్‌లో మిస్సింగ్ కొడుతోంది, స్పీడందుకుంటే సర్దుకుంటోంది. కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నలుగుతోందో చూపేది) పెడితే వరసగా 165, 160, 105, 162 పీఎస్‌ఐ. మూడోదాంట్లో టీస్పూన్ ఆయిల్ (5 మి.లీ.) పోస్తే 117 వచ్చింది. ఆయిల్ పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందు మూస్తుంది, అంకె పెరిగింది కాబట్టి రింగులే, ఇంజన్ దించాల్సిందే అని ఒకరు. పెరిగింది కొంచెమేగా, వాల్వు అయుంటుంది, హెడ్ (వాల్వులుండే ఇంజన్ పై భాగం) తీస్తే చాలని ఇంకొకరు. ఏది నమ్మాలి?

రింగ్‌మాస్టర్:
వాల్వే. తక్కువది ఎక్కువదాంట్లో 75 శాతమైనా ఉండాలి. 165కి అది 124, మీది 105. రింగులు అరిగితే పక్క సిలిండర్లూ ఎంతో కొంత దిగుతాయి, ఆయిల్ పోయగానే అంకె బాగా ఎగబాకుతుంది. హెడ్ దించండి. ఇంజన్ సీటు కింద ఉండే వ్యాన్లలో చెయ్యి పట్టడమే కష్టం, మళ్లీ లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎక్కడ కారుతోందో చూడటం) అంటూ ఇంకో రోజు పాడుచేసుకోవద్దు.

ట్యాపెట్:
మాస్టారూ, వాల్వు కావచ్చు. కానీ ఆ 117 వాల్వుకీ సాక్ష్యం కాదు, రింగులకీ కాదు. లెక్క చూడండి. సిలిండర్‌కి 500 సీసీ, కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో గాలి ఎన్నో వంతుకు నలుగుతుందో) 9 అనుకుంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు దాదాపు 62 మి.లీ. అందులో 5 మి.లీ. ఆయిల్ ఆక్రమిస్తే రేషియో 9.7 దాకా పోతుంది. లీకేజీ ఏమీ మారకపోయినా ఆ చోటు తగ్గడంతోనే పది పన్నెండు పీఎస్‌ఐ పెరుగుతుంది. మీకు పెరిగింది అంతే!

పైగా ఇంజన్ వాలుగా పడుకోబెట్టి ఉంటే ఆయిల్ ఒక పక్కకే చేరుతుంది, రింగు చుట్టూ పాకదు. అప్పుడు రింగులు పోయినా అంకె పెద్దగా కదలదు.

హెడ్ జోలికి వెళ్లేముందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సందు) చూడండి. గ్యాప్ లేకపోతే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, గేజ్‌లో అది అచ్చం కాలిన వాల్వులాగే కనిపిస్తుంది. పాత ఇంజన్లలో సీటు అరిగి వాల్వు లోపలికి దిగేకొద్దీ గ్యాప్ దానంతటదే మూసుకుపోతుంది.

రింగ్‌మాస్టర్:
గ్యాప్ చూడమన్నది ఒప్పుకుంటాను. లీక్‌డౌన్‌ని మాత్రం నెత్తిన పెట్టుకోకండి. ఇంజన్ ఆపి గాలి ఎక్కించే టెస్ట్ అది. క్యామ్ లోబ్ (వాల్వుని తెరిచే ఉబ్బు) అరిగి ఇన్‌టేక్ వాల్వు సగమే తెరుచుకుంటుంటే లీక్‌డౌన్ శుభ్రంగా వస్తుంది, కంప్రెషన్ మాత్రం తక్కువే ఉంటుంది. అది గేజే పట్టిస్తుంది.

డీజిల్‌బండి:
మధ్యలో ఒక్క మాట. ఇది చూసి డీజిల్ వ్యాన్‌లో ఎవరూ ఆయిల్ పోయకండి. పైన మిగిలే చోటే బహు తక్కువ, ఆయిల్ నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు. ఆ ఆయిలే అంటుకునే ప్రమాదమూ ఉంది. పెట్రోల్ గేజ్ కూడా పనికిరాదు, అక్కడ అంకెలు 350 పైన ఉంటాయి.

ట్యాపెట్:
క్యామ్ సంగతి నిజమే. అందుకే రెండూ కావాలంటున్నాను: ఎంత తగ్గిందో గేజ్ చెబుతుంది, ఎక్కడికి పోతోందో గాలి చెబుతుంది.

వ్యాన్‌వాలా గారూ, డిస్ట్రిబ్యూటర్ రోటర్ 3వ వైరు వైపు తిరిగేలా చేసి, పిస్టన్‌ని సరిగ్గా పైన నిలపండి. టాప్ గేర్, హ్యాండ్ బ్రేక్ వేసి ప్లగ్గు రంధ్రంలోంచి 100 పీఎస్‌ఐ గాలి ఎక్కించండి. క్రాంక్ బోల్టు మీద స్పానర్ వదిలేయొద్దు, పిస్టన్ కాస్త పక్కకుంటే గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. కార్బ్యురేటర్‌లో బుస వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత తీస్తే గాలి కొడితే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ కింద ఉండే గ్యాస్కెట్. రింగుల పక్క నుంచి కొంచెం గాలి ఎప్పుడూ పోతుంది, దానికి బెదరకండి.

అన్నట్టు, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కే సెల్ఫ్ కొట్టారా?

వ్యాన్‌వాలా:
అలాగే చేశానండీ, సిలిండర్‌కి ఆరు పంపులు. మూడో ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర 0.05 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే రేకు) కూడా దూరలేదు. మాన్యువల్‌లో ఉన్న గ్యాప్ పెట్టాక కంప్రెషన్ 138. లీక్‌డౌన్‌లో 100 ఎక్కిస్తే సిలిండర్‌లో నిలిచిన ఒత్తిడి చూపే రెండో గేజ్‌లో 72, బుస సైలెన్సర్‌లోంచే. ఆయిల్ మూత దగ్గర పెద్దగా ఏమీ లేదు.

రింగ్‌మాస్టర్:
చెప్పానుగా, వాల్వే! 28 శాతం పోతుంటే ఇంకా ఆలోచనేంటి? వేడి వాయువు ఆ సందులోంచి దూసుకెళ్లే కొద్దీ సీటు కోసుకుపోతుంది. ఇప్పుడైతే గ్రైండింగ్‌తో పోవచ్చు, ఆలస్యమైతే సీటు మార్చాలి.

ట్యాపెట్:
ఇంజన్ దించాల్సిన పని తప్పింది, అది ముందు చూడండి. 138 అంటే 84 శాతం, బండి నడుస్తుంది. గ్యాప్ లేక వాల్వు మీద చేరిన మసి కొంత ఊడే అవకాశమూ ఉంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఫీలర్ పెట్టండి. గ్యాప్ అలాగే ఉంటే గేజ్ మరోసారి చూడండి. గ్యాప్ తగ్గిపోతే సీటు ఇంకా దిగుతున్నట్టే, అప్పుడు మాస్టారు చెప్పినట్టు హెడ్ దించక తప్పదు.

రింగ్‌మాస్టర్:
వెయ్యి ఎక్కువ. ఐదొందలకే చూడండి, అప్పటిదాకా లోడు వేయకండి.