తౌబా అంటే పశ్చాత్తాపమేనా?

సభ్యులకు నమస్కారం. నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి, అరబ్బీ ఒక్క ముక్క రాదు. ఖురాన్ తెలుగు అనువాదం చదువుతూ 9వ సూరా (అధ్యాయం) దగ్గర ఆగిపోయాను. సూరా పేరే తౌబా. తౌబా అంటే పశ్చాత్తాపం అనే ఇన్నాళ్లూ విన్నాను. 118వ ఆయత్ (వాక్యం) చివర అల్లాహ్‌ని ‘తవ్వాబ్’ అన్నారట. దేవుడు పశ్చాత్తాపపడడమేమిటి? ధాతువు ఒకటేనా, రెండా? తెలిసినవారు చెప్పగలరు.

—

మాస్టారూ, ధాతువు ఒకటే: తా, వావ్, బా. అర్థం మరలడం, వెనక్కి రావడం. పశ్చాత్ తాపం, అంటే తర్వాత కలిగే మంట, తౌబాకి తోడుగా వస్తుందేగాని ఆ మాటకి అర్థం మాత్రం అది కాదు. మనిషి మరలితే ‘తాబ ఇలా’ (అరబ్బీ ‘ఇలా’ అంటే వైపుకి), దేవుడి వైపుకి. అల్లాహ్ మరలితే ‘తాబ అలా’ (అరబ్బీ ‘అలా’ అంటే మీదికి), మనిషి మీదికి, దయతో. క్రియ అదే, పక్కన చేరే విభక్తే వేరు. తెలుగులో పశ్చాత్తాపం అని పెట్టుకున్నాక ఆ క్రియని దేవుడికి వాడలేం. కాబట్టి మనిషి ‘పశ్చాత్తాపపడతాడు’, దేవుడు ‘పశ్చాత్తాపాన్ని స్వీకరిస్తాడు’. అర్థం చెడలేదు గాని ఇద్దరూ ఎదురెదురుగా నడిచి వస్తున్న బొమ్మ పోయింది. 2:222లో (2వ సూరా, 222వ ఆయత్) ఇదే తవ్వాబ్ బహువచనమై, తవ్వాబీన్ అని, మనుషులకే వాడారు.

మీరు ఆగిన 118 వెనక ఒక కవి కథ ఉంది. హిజ్రీ 9, అంటే క్రీ.శ. 630. మంచి ఎండాకాలం, మదీనాలో పండ్లు పక్వానికొచ్చిన రోజులు. ప్రవక్త తబూక్ దండయాత్రకి బయల్దేరారు. కఅబ్ బిన్ మాలిక్ రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ ఉండిపోయాడు. ప్రవక్త తిరిగొచ్చాక ఎనభై మందికి పైగా వచ్చి తలా ఒక సాకు చెప్పి బయటపడ్డారు. కఅబ్ కవి, వాదించి నెగ్గగల నోరున్నవాడు. అయినా ‘నాకు ఏ సాకూ లేదు’ అనేశాడు. అలా నిజం చెప్పినవాళ్లు ముగ్గురు. వాళ్లతో మాట్లాడొద్దని ప్రవక్త అనడంతో యాభై రాత్రులు ఊళ్లో ఎవరూ వాళ్లతో మాట్లాడలేదు. కఅబ్ మసీదుకెళ్లి సలామ్ చెప్పి, జవాబుగా ప్రవక్త పెదవులు కదిలాయా లేదా అని చూసుకునేవాడట. ఇంత విశాలమైన భూమీ వాళ్లకి ఇరుకైపోయిందంటుంది ఆయత్. యాభయ్యో రాత్రి తెల్లవారాక కొండ మీద నుంచి కేక వినిపించింది, ‘కఅబ్, శుభవార్త!’ అని. ఈ 118వ ఆయత్ వచ్చిందన్నదే ఆ కబురు. అది తెచ్చినవాడికి ఒంటిమీది రెండు బట్టలూ ఇచ్చేసి, తను అరువు బట్టలు కట్టుకుని ప్రవక్త దగ్గరికి వెళ్లాడు.

ఇప్పుడు వాక్యం చూడండి: ‘సుమ్మ తాబ అలైహిమ్ లియతూబూ’. తర్వాత ఆయన వారి మీదికి మరలాడు, వారు మరలేటందుకు. ముందు మరలినది అల్లాహ్! ‘స్వీకరించడం’ అని రాస్తే ఈ వరస కనబడదు.

—

మారుమనస్సు అంటే సరిపోదా? మా బైబిల్లో అదే మాట.

—

చక్కని మాట అక్కా, నాకూ ఇష్టం. కాకపోతే అందులో మారేది మనసు, తౌబాలో మళ్లేది మనిషి. నన్నడిగితే ‘మరలిక’ అంటాను, ఎవరూ వాడరనుకోండి.

—

బాబూ, మరలు, మళ్లు ఒకటే. ‘మళ్లీ’ అన్నది కూడా ‘మరలి’ నుంచి వచ్చిందే. మా ఊళ్లో గొడ్లు ఇంటికి మళ్లాయి అంటారు. సరే, 66:8లో ‘తౌబతన్ నసూహా’ అని ఉంది. ఈ నసూహ్ ఏమిటి?

—

చిత్తశుద్ధి గలది అని మామూలు అర్థం మాస్టారూ. ఉర్దూ నసీహత్ (హితబోధ)దీ ఇదే ధాతువు. మైనం తీసేసిన స్వచ్ఛమైన తేనెకీ ఈ విశేషణం వాడతారు. పాత నిఘంటువుల్లో ఇంకో అర్థం, కుట్టడం. నాసిహ్ అంటే దర్జీ, నిసాహ్ అంటే దారం. పాపం చింపినదాన్ని తౌబా కుడుతుందని కొందరు వ్యాఖ్యాతలు చెప్పారు.

మా అబ్బా దర్జీ కాబట్టి నాకిది వెంటనే పట్టుబడింది. కుట్టు చివర సూదిని వెనక్కి మళ్లించి రెండుసార్లు నడపకపోతే దారం ఊడొస్తుందనేవాడు. ఒక రంజాన్‌కి ముందు, కొట్లో చెక్కపెట్టె అడుగున దాచిన మిగులు గుడ్డల్ని బయటికి తీశాడు. జాకెట్టు ముక్కలు, పంట్లాం ముక్కలు. ఎవరివి ఎవరివో గుర్తు తెచ్చుకుంటూ మూటలు కట్టి, నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఒకావిడ ‘ఇంత ముక్క నాకెందుకయ్యా’ అని నవ్వింది. ఈయన నవ్వలేదు. చేసినందుకు బాధపడాలి, మానెయ్యాలి, మళ్లీ చెయ్యనని గట్టిగా అనుకోవాలి అని ఇమామ్ నవవీ మూడు షరతులు చెప్పారు. సాటి మనిషి హక్కు కలిసి ఉంటే నాలుగోది, వాళ్లది వాళ్లకి ఇచ్చెయ్యాలి. అబ్బాకి నవవీ పేరు తెలియదు, ‘హుఖూఖుల్ ఇబాద్’, అంటే సాటి మనుషుల హక్కులు, అన్న మాట తెలుసు.

—

అంతా బాగుంది గాని, హైదరాబాదులో లెంపలేసుకుంటూ ‘తోబా తోబా’ అంటారే, అది తప్పు ఉచ్చారణ కదా? ప్రార్థనలో అలా అంటే చెల్లుతుందా?

—

అరబ్బీ ‘తౌ’ దక్కనీ నోట్లో ‘తో’ అయింది, అంతే భాయ్. తప్పు మాటంటే ‘సహీహ్ ముస్లిం’ అనే హదీస్ (ప్రవక్త మాటల) గ్రంథంలో ఒకటుంది. ఎడారిలో ఒకడి ఒంటె తప్పిపోతుంది, తిండీ నీళ్లూ దాని మీదే. ఆశ వదిలేసి చెట్టు నీడన పడుకుంటాడు. చూస్తే ఒంటె పక్కనే నిలబడి ఉంటుంది. ముకుతాడు పట్టుకుని ‘అల్లాహ్! నువ్వు నా దాసుడివి, నేను నీ ప్రభువుని’ అనేస్తాడు. దాసుడు తౌబా చేస్తే అల్లాహ్‌కి ఆ ఒంటె దొరికినవాడి కన్నా ఎక్కువ సంతోషమట. తారుమారైన ఆ వాక్యం గురించి ప్రవక్త అన్నది ఒక్కటే: ‘సంతోషం పట్టలేక పొరబడ్డాడు’.