‘అలోకంబగు పెంజీకటి’: లోకాలు లేనిదా, కంటికి కనబడనిదా?

మైలాపూరు నుంచి ప్రశ్న

ఇళ్ళకు బిగించే నిఘా కెమెరా వాడుక పుస్తకాన్ని ఈ వారం ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. ఒకే పేజీలో ‘అవుట్ ఆఫ్ సైట్’, ‘నాట్ విజిబుల్’, ‘ఇన్విజిబుల్ టు ద నేకెడ్ ఐ’ అని మూడు పలుకుబళ్ళు వచ్చాయి. మొదటి ప్రతిలో మూడింటికీ ‘కనిపించదు’ అనే రాసి ఊరుకున్నాను. మూడోది పరారుణ (ఇన్ఫ్రారెడ్) దీపాన్ని గురించినది. ఆ దీపం తరంగదైర్ఘ్యం 850 నానోమీటర్లైతే చీకట్లో ఆరిపోబోయే అగరువత్తి మొనలాగా మసక ఎరుపు కనబడుతుంది, 940 అయితే అదీ ఉండదు. ‘కనిపించదు’ మరీ పేలవంగా ఉందని ‘అదృశ్య కిరణాలు’ అని దిద్దాను. ప్రూఫు చదివిన మా అమ్మ, ‘‘ఎప్పటినుంచి కనబడటం లేదట?’’ అని అడిగింది. పత్రికలు ‘వివాహిత అదృశ్యం’ అని రాసీ రాసీ ఆ మాటను తప్పిపోయినవారికే కట్టబెట్టేశాయి. ఆడమ్ స్మిత్ 1776లో వాడిన మాటను మనం ‘అదృశ్య హస్తం’ అని పరీక్షల్లో రాశాం గానీ, ఈనాటి పాఠకుడికి అది ఎవరిదో చెయ్యి తప్పిపోయినట్టు వినిపించినా ఆశ్చర్యం లేదు.

ఆ పేజీ అలా ఉండగానే, పోతన భాగవతంలో గజేంద్రుడి మొరలోని ‘లోకంబులు లోకేశులు లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెంజీకటి కవ్వల’ అనే పద్యం నన్ను పట్టుకుంది. మా నాన్నగారు పాడేటప్పుడు ‘తుది నాలోకంబగు’ అని ‘నా’ దగ్గర సాగదీసేవారు. ఆలోకమంటే చూపు, వెలుగు. వెలుగైన చీకటి ఏమిటో చిన్నప్పుడూ అర్థం కాలేదు. హ్రస్వమే సరైనదైతే, ఆ ‘అలోకం’ లోకాలు లేనిదా, కంటికి కనబడనిదా? రెండోదైతే ఇంగ్లీషువారి ‘ఇన్విజిబుల్’కు పోతన ఏనాడో మాట ఇచ్చినట్టే కదా.

టీ. నగర్ మాస్టారు

దీర్ఘం సంగతి ఛందస్సే తేల్చేస్తుంది. ‘లోక-స్థులు దెగి-న తుది న-లోకం-బగు పెం’ అని గణాలు విడదీసి చూడండి. ఆ మూడో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి, రెండూ నాలుగు మాత్రలే. ‘నా’ అన్నారంటే అయిదు మాత్రలై కందం చెడుతుంది. యతి కూడా లోకు లోగా నిక్షేపంగా పడింది. నాన్నగారిది రాగం తప్ప పాఠం కాదు.

అర్థానికి వస్తే, లోకంబులు, లోకేశులు, లోకస్థులు అని మూడు మార్లు చెప్పి, అవన్నీ తెగిన తరువాత మిగిలినది కాబట్టి ‘అలోకం’ అన్నాడు కవి. అక్కడ లోకాలు లేవు, అంతే. ఇందులో కంటి ప్రసక్తి ఎక్కడిది? మీ కెమెరా పుస్తకానికి మాట కావాలంటే మరోచోట వెతుక్కోవాలి గానీ పోతన నెత్తిన ‘ఇన్విజిబుల్’ను రుద్దవద్దు.

పెరంబూరు అక్కయ్య

మాస్టారు గణాలు సరిగ్గానే లెక్కపెట్టారు, ధాతువును మాత్రం వదిలేశారు. ‘లోకృ దర్శనే’ కదండీ, అంటే ఆ ధాతువుకు చూడడమని అర్థం. చూడబడేది కాబట్టే అది లోకం. పురాణాలు చెప్పే లోకాలోక పర్వతం ఉండనే ఉంది. సూర్యకాంతి దానికి ఇటువైపే పడుతుంది, అటువైపు చీకటి. కాళిదాసు దిలీపుడి చేత ‘ప్రకాశశ్చాప్రకాశశ్చ లోకాలోక ఇవాచలః’ (లోకాలోక పర్వతంలాగా వెలుగూ చీకటీ రెండూ ఉన్నవాణ్ణి) అనిపించాడు. అక్కడ అలోకమంటే లోకం లేని చోటు అని సరిపెట్టుకోగలమా? ప్రకాశం లేనిది, కనుక కనబడనిది.

మరొక్క మాట. ఈ పద్యానికి సంస్కృత భాగవత మూలంలో ఉన్నది ‘తమస్తదాసీద్గహనం గభీరం’. గహనమూ గభీరమూ అని చీకటికి రెండు విశేషణాలున్నాయి, ‘అలోకం’ మాత్రం లేదు. అది పోతన సొంతంగా చేర్చినది. ఊరికే అనుప్రాస కోసం చేర్చాడని నేను ఒప్పుకోను.

టీ. నగర్ మాస్టారు

లోకాలోక వర్ణన భాగవతం అయిదో స్కంధంలోనిది. తెలుగులో ఆ స్కంధం పోతనది కాదు, గంగనది. ఈ సంగతి అక్కయ్యకు నేను గుర్తు చేయవలసి రావడం విడ్డూరం.

పెరంబూరు అక్కయ్య

గంగన తెనిగించినంత మాత్రాన పోతన సంస్కృతంలో అయిదో స్కంధం చదవలేదని మాస్టారు అంటున్నారా? అనుప్రాస పట్టుకు రెండర్థాలూ పలికే మాటను ఏరి పెట్టడమే ఆయన విద్య.

తరమణి తమ్ముడు

పెద్దల నడుమ దూరుతున్నందుకు మన్నించాలి. నాకు ఇంగ్లీషు పలుకుబడి మీదే అనుమానం. మా ఆఫీసులో తెలుగువాళ్ళమే నలుగురం కూర్చుని కూడా ‘‘మీ స్క్రీన్ విజిబుల్ కావడం లేదండీ’’ అంటాం. ‘‘నాకు కనిపించడం లేదు’’ అంటే లోపం నా కంటిదేమో అనిపిస్తుంది. ‘‘మీరు చూపించడం లేదు’’ అంటే ఎదుటివారిని తప్పుపట్టినట్టు ఉంటుంది. ‘విజిబుల్’ ఎవరి మీదా నేరం మోపదు, అందుకే అది మా నోట నిలిచిపోయింది.

ఇక్కడి తమిళం ఇంకొక చిక్కు తెచ్చింది. మొన్న కోయంబేడులో ఒక పెద్దావిడ బస్సు బోర్డు వైపు వేలు చూపి ‘‘తెరియల’’ అంది. ఆ బస్సు ఎక్కడికి పోతుందో ఆమెకు తెలియదనుకుని, దారిలోని ఊళ్ళన్నీ వరసగా చెప్పుకొచ్చాను. ఆమె కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంటూ, అక్షరాలు ఆనడం లేదని మళ్ళీ చెప్పింది. తమిళంలో తెలియకపోవడానికీ కనబడకపోవడానికీ అదే మాట.

పెరంబూరు అక్కయ్య

తమ్ముడు దారిన పోతూ అసలు మాట అనేశాడు. ‘ఆనదు’ అన్నది ఎంత చక్కని మాట! పరారుణానికి ‘కంటికి ఆనని కిరణాలు’ అని రాయండి. ఉన్నవే గాని కంటికి అందవు. ‘అవుట్ ఆఫ్ సైట్’కు ‘కనుచూపు మేర దాటినది’ అనవచ్చు. గోడ అడ్డం ఉంటే ‘చాటున ఉన్నది’ అనాలి. ఇంగ్లీషు ఒక్క పలుకుబడిలో కలిపేసిన రెంటినీ మనం విడిగా చెప్పగలం.

టీ. నగర్ మాస్టారు

‘ఆనదు’లో ఈసడింపు ఉంది. ‘‘వచ్చిన సంబంధం ఏదీ వాడి కంటికి ఆనదు’’ అంటాం. మీ కెమెరాకు పొగరని చదివేవారు అనుకోగలరు.

తెలియదు, కనబడదు ఒకటే అన్నారు కాబట్టి తరువాతి పద్యం కూడా చూడండి: ‘వర్తన మొరు లెఱుఁగ రట్టివాని నుతింతున్’. పోతన ‘ఎఱుఁగరు’ అన్నాడు, ‘కానరు’ అనలేదు. చూపు మాట చెప్పదలచుకుంటే అక్కడే చెప్పేవాడు కాదా?

పెరంబూరు అక్కయ్య

పక్క పద్యంలో ఎఱుకను చెప్పాడు గనుకనే ఈ పద్యంలో చూపును చెప్పాడని నేనంటాను. మాస్టారు చూపిన ఆధారం నాకే పనికి వచ్చింది.

మైలాపూరు నుంచి

ఇద్దరికీ నమస్కారం. ‘అలోకం’ తేలేలా లేదు గాని ప్రతి మాత్రం రేపు పంపాలి. అడ్డం ఉన్నచోట ‘చాటున’ అనీ, దూరమైనచోట ‘కనుచూపు మేర దాటి’ అనీ, దీపానికి ‘కంటికి ఆనని కిరణాలు’ అనీ పెట్టాను. ‘నాట్ విజిబుల్’కు ‘కనిపించదు’ను అలాగే ఉంచేశాను. ఈసడింపు సంగతి మాస్టారు చెప్పాక ఆ మూడో మాటను రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.

ఈ సాయంత్రం గదిలో దీపాలార్పి 940 దీపాన్ని అమ్మకు చూపించాను. ఆమెకు ఏమీ ఆనలేదు. ఫోను కెమెరా తెరిచి దాని ముందు పట్టుకుంటే తెర మీద తెల్లగా, కొంచెం ఊదా రంగు కలిసిన చుక్క ఒకటి వెలిగింది. అమ్మ ఫోను పక్కకు జరిపి ఒకసారి, దాని మీదుగా ఒకసారి చూసింది. ‘‘ఇంతకీ ఆ దీపం వెలుగుతున్నట్టా, లేనట్టా?’’ అని అడిగింది.