అప్‌డేట్: పురుగుమందు లేని చెరువు నీళ్లలోనూ వెలుగు ఎందుకు తగ్గింది?

కార్బన్ డాట్స్‌తో (కాంతి పడితే వెలిగే అతి సూక్ష్మ కార్బన్ కణాలు) మిథైల్ పారథియాన్ అనే పురుగుమందును పట్టే పద్ధతి డిస్టిల్డ్ వాటర్‌లో బాగా పనిచేస్తోందని, చెరువు నీళ్లలో మాత్రం మందు కలపకముందే ఫ్లోరోసెన్స్ (డాట్స్ ఇచ్చే వెలుగు) పడిపోతోందని అడిగాను కదా. కారణం దొరికింది.

ముందు అబ్జార్బెన్స్ (నీళ్లు ఎంత కాంతిని పీల్చుకుంటున్నాయో) చూడమన్నవారి సలహా సరైనది. కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలు నీళ్లలో కరిగి ఉంటాయి. 0.45 మైక్రాన్ ఫిల్టర్ బురదను ఆపుతుంది గానీ వీటిని ఆపలేదు. నేను వాడే 360 నానోమీటర్ల ఉత్తేజక కాంతిని డాట్స్‌కు అందకముందే ఇవి పీల్చేస్తున్నాయి. ఫ్లోరోసెన్స్ లైఫ్‌టైమ్ (కాంతి అందాక డాట్స్ వెలుగు నిలిచే సమయం) మారలేదు, అదీ ఈ వివరణకే సరిపోతుంది.

చిక్కేమిటంటే అసలు పరీక్ష నడిచేదీ ఇదే సూత్రం మీద. క్షారంలో మిథైల్ పారథియాన్ విడిపోయి పారా-నైట్రోఫినాల్ వస్తుంది. అది 400 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చడం వల్లే వెలుగు తగ్గుతుంది. మరి ఏ తగ్గుదల దేనిదో ఎలా తెలియాలి?

ఇప్పుడు ఒకే నమూనాను క్షారం కలపగానే ఒకసారి, జలవిశ్లేషణ (మందు అలా విడిపోవడం) పూర్తయ్యాక మరోసారి కొలుస్తున్నాను. హ్యూమిక్ రంగు రెండింటిలోనూ ఉంటుంది కాబట్టి తేడా చాలావరకు మందుదే. క్యాలిబ్రేషన్‌కి (వెలుగు తగ్గుదలను మందు మోతాదుతో పోల్చడానికి) డిస్టిల్డ్ వాటర్‌తో గీసిన గీత వదిలేసి, చెరువు నమూనాకే తెలిసిన మోతాదులు కలుపుతున్నాను. రికవరీ (కలిపిన మందులో కొలతకు దొరికే వంతు) చాలా మెరుగైంది, పెద్ద టెన్షన్ తీరింది!

ఒక్కటి మిగిలింది. యూరోపియన్ యూనియన్ తాగునీటిలో ఒక్కో పురుగుమందుకు పెట్టిన పరిమితి లీటరుకు 0.1 మైక్రోగ్రాము. నేరుగా కొలిస్తే నా పద్ధతి అంత కిందికి దిగదు. అందుకే సాలిడ్ ఫేజ్ ఎక్స్‌ట్రాక్షన్‌తో (నీళ్లను కార్ట్రిడ్జ్ అనే చిన్న గొట్టం గుండా పంపి, అందులోని పదార్థానికి మందును పట్టించే పద్ధతి) నమూనాను చిక్కబరచాలి. హ్యూమిక్‌లు పెద్దగా పట్టుకోని కార్ట్రిడ్జ్ తెలిసినవారు చెప్పండి.