ఆరు వేల డాలర్ల సినిమా లెక్కను నమ్మి నియో-నోయిర్ మొదలుపెట్టవచ్చా?

తొలిటేక్:
నియో-నోయిర్ కోసం, అంటే 1940ల నాటి నీడల నేరచిత్రాల ధోరణిలో ఇప్పటి కాలపు సినిమా కోసం, నేరకథ ఒకటి రాసుకున్నాను, 90 పేజీలు. ఒక గోదాము కాపలాదారు, అతడు దాచిన సంచి, ఆ సంచిని వెతుక్కుంటూ వచ్చిన స్త్రీ. సగానికి పైగా కథ చీకటిలోనే నడుస్తుంది. సొంత కెమెరా ఉంది, నాతో కలిపి ఏడుగురం ఉన్నాం. 14 రాత్రుల్లో చిత్రీకరణ ముగించాలని అనుకుంటున్నాను. క్రిస్టోఫర్ నోలన్ మొదటి సినిమా ‘ఫాలోయింగ్’ (1998) దాదాపు ఆరు వేల డాలర్లతో తయారైందని చదివాను. ఆ ధైర్యంతోనే దిగుతున్నాను. లైట్లు అద్దెకు తీసుకోకుండా వీధి దీపాలతో నెట్టుకురావచ్చా? చేతిలో ఉన్న కొద్ది డబ్బు దేనిమీద పెట్టాలి?

నీడలగది:
నిస్సంకోచంగా మొదలుపెట్టండి. ఈ తరహా సినిమా లేమిలోనే పెరిగింది. 1940లలో చిన్న స్టూడియోలవారు చవక సెట్లను నీడలతో కప్పిపుచ్చారు. ‘డిటూర్’ (1945)లో దర్శకుడు ఎడ్గర్ ఉల్మర్ నగర వీధిని కట్టే స్తోమత లేక తెరనిండా పొగమంచు నింపారు. అందులో నడిచే ఇద్దరు మనుషులు తప్ప ఏమీ కనిపించదు, అయినా అది వీధేనని నమ్ముతాం.

నేను ఛాయాగ్రాహకుడిని. నా సలహా: దీపాల కంటే ముందు నల్లగుడ్డ కొనండి. తెల్లగోడల గదిలో ఒక్క దీపం పెట్టినా వెలుగు గోడలకు తగిలి తిరిగివచ్చి ముఖాన్ని చదును చేస్తుంది. దీపానికి అవతలి వైపు, నటుడి చెంపకు రెండడుగుల దూరంలో నల్లగుడ్డ వేలాడదీయండి. ఆ చెంప చీకటిలోకి జారిపోతుంది, కంటి అంచున చిన్న మెరుపు మాత్రం మిగులుతుంది. ఆ మెరుపు కోసమే మనం ఇలాంటి సినిమాలు చూస్తాం. ఇప్పటి కెమెరాలు తక్కువ వెలుగులోనూ బాగా పనిచేస్తాయి. ఆరు వేల డాలర్లతో నోలన్ చేసింది మీరూ చేయవచ్చు.

పసుపుదీపం:
వీధి దీపాల విషయంలో ఒక జాగ్రత్త. పాత తరహా తక్కువ పీడన సోడియం దీపం వెలుగంతా దాదాపు 589 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది. దాని కింద ఎర్ర రంగు నల్లగా కనిపిస్తుంది, మీ నెత్తురు తారులా ఉంటుంది. గ్రేడింగులో, అంటే తీసిన తర్వాత రంగులు దిద్దేటప్పుడు, ఎంత తంటాలు పడినా లేని రంగును తీసుకురాలేరు. ఎల్‌ఈడీ దీపాలైతే కొన్ని మిణుకుమంటాయి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట కెమెరా షట్టరు వేగం 1/50 సెకను, 60 ఉన్నచోట 1/60 పెట్టి ముందే ఒక నిమిషం తీసి చూసుకోండి.

బూమ్‌కర్ర:
నీడలగది గారూ, ఆ ఆరు వేలలో ఏమేమి ఉన్నాయో మీరు ఎప్పుడైనా ఆలోచించారా? ‘ఫాలోయింగ్’ బృందంలో వారికి వేరే ఉద్యోగాలు ఉండేవి. వారాంతాల్లో కలుసుకుంటూ దాదాపు ఏడాది తీశారు. ఫిల్ము ఖరీదైనది కాబట్టి ఒకటి రెండు టేకుల్లో ముగిసేలా నాటకానికి చేసినట్టు ముందుగా రిహార్సల్స్ చేశారు. ఆ శనివారాలకు, ఆ రిహార్సల్స్‌కు లెక్కలో ఎక్కడ చోటుంది? ఆరు వేలలో ఎక్కువ భాగం ఫిల్ముకూ దాన్ని కడిగించడానికీ పోయిన డబ్బు. దాన్ని సినిమా ఖర్చు అని పిలవడమే తప్పు.

ప్రశ్న అడిగినవారికి: డబ్బు సౌండు మీద పెట్టండి. చీకటిగా ఉన్న బొమ్మను ప్రేక్షకుడు శైలి అనుకుంటాడు. మాట వినపడకపోతే లేచి వెళ్లిపోతాడు.

నీడలగది:
ఆరు వేలు అన్నది తయారీకి చేతినుంచి పెట్టిన డబ్బు. ప్రపంచమంతా సినిమా లెక్కలు అలాగే చెబుతుంది. నేను కొత్తగా కనిపెట్టింది కాదు.

బూమ్‌కర్ర:
ప్రపంచం చెప్పినంత మాత్రాన లెక్క సరిపోదు. ‘ఎల్ మరియాచి’ (1992)ని ఏడు వేల డాలర్ల సినిమా అంటారు. ఆ తర్వాత థియేటర్లకు పంపే ముందు స్టూడియో దానిమీద ఎన్నో రెట్లు ఖర్చు పెట్టింది. మనం థియేటర్లో చూసింది ఏడు వేల డాలర్ల సినిమా కాదు. కుర్రవాళ్లకు మొదటి అంకె ఒక్కటే చెప్పి పంపిస్తున్నారు.

ఎడిటింగ్‌బల్ల:
అసలు ప్రశ్న 14 రాత్రుల గురించి. 90 పేజీలకు 14 రాత్రులంటే రోజుకు ఆరు పేజీలకు పైనే. వీధిలో, చీకటిలో, ఏడుగురితో అది జరిగే పని కాదు.

నీడలగది:
బూమ్‌కర్ర గారు అంకె దగ్గరే ఆగిపోయారు. స్టూడియో ఖర్చు పెట్టింది సినిమా పూర్తయి, నచ్చిన తర్వాత. ముందు ఆ ఏడు వేలతో తీసి ఉండకపోతే కొనడానికి ఏమీ ఉండేది కాదు. మొదలుపెట్టడానికి కావలసింది ఎంత అన్నదే ఇక్కడ విషయం. మీరు చెప్పినట్టు ప్రతి గంటకూ వెల కట్టుకుంటూ కూర్చుంటే ఈ అబ్బాయి వచ్చే పదేళ్లూ స్క్రిప్టు దిద్దుకుంటూనే ఉంటాడు. మీలాంటి వారి మాటలు విని ఆగిపోయిన సినిమాలు నాకు ఎన్నో తెలుసు.

బూమ్‌కర్ర:
నాలాంటి వారు అంటే ఎవరు? జీతం అడిగేవారా?

నీడలగది:
నేను ఆ మాట అనలేదు.

బూమ్‌కర్ర:
అనలేదు, కానీ అన్నట్టే ఉంది. అయితే వినండి. కొన్నేళ్ల కిందట ఒక స్నేహితుడి నేరచిత్రానికి 19 రాత్రులు సౌండు చేశాను. రికార్డరు నాది, మైకులు నావి. డబ్బు లేదు, సినిమా అమ్ముడయ్యాక చూద్దామన్నాడు. సరే అన్నాను. రాత్రి ఏడు నుంచి తెల్లవారి ఐదు వరకు చేతులెత్తి బూమ్, అంటే మైకు తగిలించిన పొడవాటి కర్ర, పట్టుకుని నిలబడేవాడిని. పదిహేడో రాత్రి ముగిశాక బండి మీద ఇంటికి వెళుతూ నిద్రపోయాను. డివైడరు తగిలింది, కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో ఉండగా ఫోను వచ్చింది. సౌండు రికార్డయిన మెమరీ కార్డు పగలలేదు కదా అన్నది అతడి మొదటి మాట. కట్టు కట్టించుకుని మిగిలిన రెండు రాత్రులూ ఎడమ చేత్తో పట్టుకున్నాను. ఆ సినిమా అమ్ముడైంది. నాకు అందింది టైటిళ్లలో ఒక వరుస, అందులో నా పేరు తప్పు. అతడు ఇప్పటికీ ఆ సినిమాను ఎంత తక్కువలో తీశాడో గర్వంగా చెప్పుకుంటాడు. ఆ తక్కువలో నా మణికట్టు ఉంది. అందుకే ఆ ఆరు వేల మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

పసుపుదీపం:
ఇంత జరిగిందని తెలియదు. చాలా బాధగా ఉంది.

నీడలగది:
మీకు జరిగింది అన్యాయం. అందులో రెండో మాట లేదు. కానీ నా వైపు కూడా చూడండి. నేను అలాంటి సినిమా ఒకటి తీశాను. లెన్సులు అమ్మేశాను, అప్పు చేశాను, మూడేళ్లు పోయాయి. నాతో పనిచేసినవారికి ఏమీ ఇవ్వలేదు, నాకూ ఏమీ రాలేదు. ఎవరూ కొనలేదు. అప్పు ఇంకా తీరుస్తున్నాను. ముందే అందరికీ డబ్బు ఇవ్వాలని నియమం పెట్టుకుని ఉంటే ఆ సినిమా ఉండేది కాదు. అందులో ఒక మెట్లదారి సన్నివేశం ఉంది, దీపం ఆరిపోయాక మూడు సెకన్లు శబ్దం మాత్రమే ఉంటుంది. నా జీవితంలో నేను చేసిన మంచి పని అదే. అది ఉండకూడదని మీరు అంటే నేను ఒప్పుకోలేను.

బూమ్‌కర్ర:
ఉండకూడదని అనను. నష్టపోయే హక్కు మీకుంది, ఎందుకంటే సినిమా మీది. లెన్సులు అమ్మాలని నిర్ణయించుకున్నది మీరు. ఆ మూడు సెకన్ల శబ్దం పట్టినవాడిని ఎవరైనా ఆ నిర్ణయంలో అడిగారా? అమ్ముడైతే అతడికి ఎంత వస్తుందో కాగితం మీద రాశారా?

నీడలగది:
రాయలేదు.

ఎడిటింగ్‌బల్ల:
మీరిద్దరూ ఇన్ని సందేశాలు అంకె గురించి కొట్టుకున్నారు. మీ అసలు తగాదా ఈ రాయని కాగితం గురించి. కోయెన్ సోదరులు ‘బ్లడ్ సింపుల్’ (1984)కు ముందు ట్రైలరు లాంటి ముక్క ఒకటి తీసి, దాన్ని మదుపుదారులకు చూపించి డబ్బు కూడగట్టారు. అంత కూడగట్టలేనివారు కనీసం వాటా అయినా రాసివ్వాలి. అమ్ముడయ్యాక చూద్దాం అనేది ఒప్పందం కాదు. ఎంత శాతం, మొదటి రాబడి నుంచా, ఖర్చులు పోనా అన్నది అందులో ఉండాలి.

నీడలగది:
శాతం రాయాలన్నది ఒప్పుకుంటాను. మెట్లదారి శబ్దం పట్టిన అతడికి ఈ రాత్రి ఫోను చేస్తాను. ఆరు వేల లెక్క మీద మాత్రం నా మాట మారలేదు.

బూమ్‌కర్ర:
నా మాటా మారలేదు.

తొలిటేక్:
రెండు రోజులుగా అన్నీ చదువుతున్నాను. నా బృందంలో ఆరుగురికీ డబ్బు లేదని చెప్పాను, అందరూ సరే అన్నారు. తెల్లవారి ఐదింటికి ఎవరు ఎలా ఇల్లు చేరతారో నేను ఒక్కసారీ ఆలోచించలేదు. అందులో ఇద్దరికి ఉదయం తొమ్మిదికి ఉద్యోగం. నిన్న షెడ్యూలు తీసి మళ్లీ రాశాను. గోదాము లోపలి సన్నివేశాలన్నీ పగలు తీస్తాం, కిటికీలకు నల్లగుడ్డ కడతాం. బయటి రాత్రులు నాలుగే మిగిలాయి, అవి వారానికి ఒకటి, మరునాడు సెలవు ఉన్న రోజునే. చిత్రీకరణ పొడవు పెరుగుతుంది, పెరగనీ. ఇంటికి చేర్చే బండి ఖర్చును లైట్ల డబ్బులోంచి తీశాను. వాటాల కాగితం రాస్తున్నాను. బూమ్‌కర్ర గారూ, పగటిపూట గోదాములో సౌండుకు ఇబ్బంది ఉంటుందా?

బూమ్‌కర్ర:
ఉంటుంది. రేకుల కప్పు అయితే ఎండకు టకటకమంటుంది, మధ్యాహ్నం మాటలున్న సన్నివేశాలు పెట్టుకోవద్దు. ముందే ఒక మధ్యాహ్నం వెళ్లి కళ్లు మూసుకుని పది నిమిషాలు కూర్చోండి. లోపల ఫ్రిజ్ ఉంటే ఆపేసి, మీ బండి తాళం అందులోనే పెట్టండి, తిరిగి వేయడం మరిచిపోరు. ప్రతి సన్నివేశం తర్వాత ఎవరూ కదలకుండా అర నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డు చేయండి. ఎడిటింగులో మాటల మధ్య అతుకులు కప్పేది అదే.

నీడలగది:
నల్లగుడ్డ రెండు పొరలు కట్టండి. ఒక్క పొర అయితే అంచుల్లోంచి పగటి వెలుగు నీలంగా దిగుతుంది, కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. నా దగ్గర రెండు తానులు ఖాళీగా ఉన్నాయి. అడ్రసు పంపితే మీకు చేరుస్తాను.